హిమాలయ సీమల యాత్ర : తెలుగునాటి జాబు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేపాళము, సిక్కిము, భూటాను, టిబెట్టు - ఈ నాలుగును హిమాలయపు ఒడిలో ఇరుగుపొరుగు సీమలు. సిక్కిము 1975లో భారతదేశమున రాష్ట్రముగా చేరినది. టిబెట్టు చీనా పాలనలో నున్నది. తక్కిన రెండును స్వతంత్ర దేశములు. ఓరుగల్లు ప్రాంతపు యాత్రికులు కాజీపేటలో రైలెక్కి ఉత్తరమునకు పోయి ఆ కొండలను చూచి వచ్చుచునే యున్నారు. వెంట మార్గదర్శి యుండును. అతడు మంచు శిఖరములను చూపును, పశుపతినాథుని దర్శనము చేయించును, ఉన్ని శాలువలు కొనిపించును. అందు తప్పులేదు. కాని తెలుగువారి సొత్తొకటి ఆ కొండలలో భద్రముగా నున్నదని చెప్పు మార్గదర్శి అరుదు.

ఆ సొత్తు ఒక జాబు. శ్రీపర్వతమున నివసించెనని సంప్రదాయము చెప్పు ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన ప్రభువునకు శ్లోకములలో వ్రాసిన హితోపదేశమది. పేరు సుహృల్లేఖ. సంపద నిలుకడ లేనిదని యెరిగి భిక్షువులకు, బ్రాహ్మణులకు, పేదలకు, మిత్రులకు పంచుమని అందు కలదు. రాజునకు వ్రాసినదైనను రెండెకరముల సేద్యగానికిని పనికివచ్చు మాటలే. ఏడవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు, ఇచట విద్యార్థులు చదువు మొదలిడిన కొలదికాలమునకే ఈ లేఖను నేర్చుకొందురని వ్రాసెను. అట్టి లేఖ పుట్టిన గడ్డమీద నశించినది. శతాబ్దముల తరబడి దానిని బ్రతికించినవి టిబెట్టు, చీనా అనువాదములే.

ఇక యాత్రకు వత్తము. రక్సౌలు దాటి నేపాళమున అడుగిడినచో తూర్పుగా కొంతదూరమున సిమ్రౌన్‌గఢ్ శిథిలములున్నవి. ఓరుగల్లువారు అచట ఒక గడియ నిలువవలెను. 1323లో ఓరుగల్లు కోట తుగ్లకుల వశమయ్యెను. ప్రతాపరుద్రుని ఢిల్లీకి కొనిపోవుచుండగా ఆయన నర్మదాతీరమున తనువు చాలించెను. ఆ మరుసటి సంవత్సర ప్రాంతముననే అదే తుగ్లకుల సేన మిథిలను ఏలుచుండిన కర్ణాటవంశపు రాజధానియగు సిమ్రౌన్‌గఢ్‌ను కూల్చెను. రాజు హరిసింహదేవుడు కొండలవైపు పారిపోవుచు దారిలో మరణించెను. ఆయన పరివారము భక్తపురమున తలదాచుకొనెను. ఓరుగల్లునకు అట్టి కొండచాటు లేకపోయెను.

ఆ కొండచాటే గ్రంథములకును రక్షయైనది. తెలుగు మైదానములలో తాటాకు పుస్తకము కొన్ని శతాబ్దములకు మించి నిలుచుట అరుదు. చెదలు, ఉక్క, వాన దానిని తినివేయును. నేపాళపు చల్లదనమున వేయేండ్ల నాటి తాళపత్రములు నిలిచినవి. కఠ్మాండూలోని కైసర్ గ్రంథాలయపు సుశ్రుతసంహిత ప్రతి క్రీ.శ. 878 నాటిది. నాగార్జునునిదే మరియొక రాజనీతి గ్రంథమగు రత్నావళి సంస్కృత మూలములో కొంతభాగము నేపాళముననే దొరకగా, ఇటలీ పండితుడు టూచీ 1934లోను, 1936లోను ప్రకటించెను. 1970 మొదలు 2001 వరకు జర్మనీవారి సాయముతో అచట ఇంచుమించు 1,80,000 వ్రాతప్రతులకు సూక్ష్మచిత్రములు తీసిరి. ఆ పని జరిగియుండుట మంచిదైనది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపమున కైసర్ గ్రంథాలయ భవనము కూడ దెబ్బతినెను. కఠ్మాండూ వాయవ్యమున నాగార్జున పర్వతమను అడవికొండ యున్నది. ఆచార్యుడు అచట తపము చేసెనని స్థానికులందురు.

నేపాళము విడిచి న్యూ జల్పాయిగురి మీదుగా సిక్కిమునకు పోవచ్చును. గాంగ్‌టాకులోని టిబెట్టు విద్యాపరిశోధనాలయమును 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. అచటి పొత్తములను శ్రద్ధగా చూడవలెను. కుట్టులేని పొడవాటి కాగితపు రేకులు, పైన క్రింద చెక్కపలకలు, చుట్టును వస్త్రము. పూర్వపు పట్వారీ దఫ్తరము జ్ఞప్తికి రాకమానదు. ఆ రేకుల పొడవునకు కారణమొకటి కలదు. భారతదేశమునుండి వెళ్లిన తాళపత్ర గ్రంథముల ఆకారమునే వారు కాగితమున నిలుపుకొనిరి. తాటిచెట్టు మొలవని మంచుసీమలో తాటాకు కొలత మాత్రము చెడలేదు! భారతీయ పండితుడొకడు, టిబెట్టు అనువాదకుడొకడు జంటగా కూర్చుండి ఆ గ్రంథములను తర్జుమా చేయుచుండిరి. బుద్ధవచనములు నూరు సంపుటములకు పైగాను, శాస్త్రములు, వ్యాఖ్యలు రెండువందలకు పైగాను నేటికిని కలవు. నాగార్జునుని జాబు ఈ రెండవ రాశిలోనిది. సాగాదావా పండుగనాడు గాంగ్‌టాకులో భిక్షువులు ఈ పవిత్ర గ్రంథములను మోసికొని ఊరేగుదురు. ఇచట దేవుని పల్లకి ఎట్లో, అచట పుస్తకము అట్లు.

భూటానులో భారతీయులు 2022 నుండి రాత్రికి 1,200 రూపాయల రుసుము చెల్లించవలెను. కొంత భారమే. తింపూ నగరమున 1967లో స్థాపించిన జాతీయ గ్రంథాలయము దేవాలయమును పోలియుండును. అందొక మహాపుస్తకము కలదు. బరువు ఇంచుమించు 60 కిలోలు. సందర్శకులు దానిముందే గుమిగూడుదురు. ప్రక్కన వస్త్రములలో చుట్టిన ప్రాచీన గ్రంథములవైపు చూపు త్రిప్పువారు తక్కువ.

లాసా నగర సమీపమున 1416లో స్థాపింపబడిన డ్రెపుంగ్ మఠము కలదు. డ్రెపుంగ్ అనగా వరిరాశి. అది అమరావతి ప్రక్కనున్న ధాన్యకటకము పేరునకు టిబెట్టు మాట. కాలచక్ర తంత్రమును బుద్ధుడు ధాన్యకటక స్తూపముకడనే బోధించెనని టిబెట్టువారి విశ్వాసము. అందువలననే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష నొసగెను.

లాసా ప్రయాణము ఖర్చుతోను అనుమతులతోను కూడినది. చలికి ఓర్వలేనివారికి దగ్గరి దారియొకటి కలదు. 1959లో టిబెట్టును వీడి వచ్చిన భిక్షువులు కర్ణాటకలో హుబ్బళ్లికి సమీపమున ముండగోడులో అదే పేరుతో మఠము నెలకొల్పుకొనిరి. హుబ్బళ్లి వరకు రైలు, అచటినుండి బస్సు. సుహృల్లేఖను టిబెట్టు భాషలో చదువగలవారు అచట కలరు.