బట్టల బేరమునకు తోడెవరు?



నేటి ప్రసంగ విషయము చిన్నదిగా తోచవచ్చును. బట్టలు కొనుటకు ఒంటరిగా పోవుట మేలా, ఒకరిని వెంటబెట్టుకొని పోవుట మేలా యన్నదే ప్రశ్న. కాని పెండ్లి తలపెట్టిన యింటివారికి ఇది చిన్న విషయము కాదు. ధాన్యమమ్మిన సొమ్ము ఏడాదిలో ఎప్పుడో చేతికి వచ్చును. అందులో పెద్ద భాగము ఒక్క పగటిలో, ఒక్క దుకాణములో గుడ్డల మూటగా మారిపోవును. ఆ పగలు మీ ప్రక్కన ఎవరు కూర్చుందురో దానినిబట్టి, మిగిలిన సంవత్సరము అప్పుతో గడచునా, అప్పు లేక గడచునా యనునది కొంతవరకు తేలిపోవును.

సికింద్రాబాదులో సీతాఫల్‌మండి యను పేట కలదు. మండి యనగా టోకు అంగడి. సీతాఫలము కొనునప్పుడు మనము ఎవ్వరి సలహాను అడుగము. కన్నులు విచ్చుకొన్నవా లేదా యని చూచి, బొటనవ్రేలితో మెల్లగా నొక్కి బుట్టలో వేసికొందుము. పండు విషయమున ఇంత ధైర్యముగల మనము పట్టుచీర యెదుట ఏల తడబడుదుము?

ఈ పేటలో రైలు స్టేషను కలదు. సికింద్రాబాదునుండి కాచిగూడ వైపు పోవు దారిలో ఇది మొదటిది; 2003లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు ఇచ్చట ఆగును. వస్త్రవ్యాపారమునకు పేరుగన్న జనరల్ బజారు ఇచ్చటికి దూరము కాదు. అందువలన పల్లెలనుండి పెండ్లిబట్టలకు వచ్చువారు ఈ పేటలోని బంధువుల యింట దిగి, భోజనము ముగించి, ఆ యింటివారిలో నొకరిని తోడు తీసికొని బజారునకు పోవుట కద్దు. ఆ తోడు వచ్చువాడు ఈ పనికి తగినవాడా యని ఎవరును విచారింపరు. పట్నమున నున్నాడు గావున అన్నియు తెలిసినవాడే యనుకొందురు. చిక్కు ఇక్కడనే మొదలగును.

దుకాణములో జరుగు తంతును ఒకమారు తలచుకొనుడు. గుమ్మమునొద్ద చెప్పులు విడిచి తెల్లని పరుపుపై కూర్చుందుము. మంచినీళ్లో, తేనీరో వచ్చును. గుమాస్తా చీరలను దించి, ఒక్కొక్కదాని మడత విప్పి, కొంగును మన మోకాళ్ల ముందర పరచును. పది యగును, ఇరువది యగును. మనము ఇంకను ఏమియు కొనలేదు, కాని యెదుట గుడ్డల గుట్ట పెరుగుచుండును. అప్పుడు మనస్సులో ఒక మాట పుట్టును: ‘పాపము, ఇతడింత శ్రమపడెనే, ఒక్కటియు కొనక లేచినచో ఏమనుకొనును?’ దీనికే మన భాషలో మొగమాటమని పేరు. విప్పిన చీరలను మరల మడత పెట్టుట ఆ గుమాస్తాకు నిత్యకృత్యము. అతనికి జీతము దానికే. ఈ సంగతి మనకు తెలియును. తెలిసియు లేవలేము. నా యభిప్రాయమున బట్టల బజారులో వర్తకుని నేర్పువలన పోవు సొమ్ముకంటె మన మొగమాటమువలన పోవు సొమ్మే యెక్కువ. కాబట్టి తోడు వచ్చువాని ముఖ్యమైన పని, ఆ మొగమాటమును తన నెత్తిన వేసికొనుట. రంగు బాగున్నదని చెప్పుటకు గుమాస్తా చాలును.

అమెరికా దేశమున సాలమన్ ఆష్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన పరిశోధన యొకటి ఇచ్చట పనికివచ్చును. ఆయన ఒక అట్టపై ఒక గీతను, వేరొక అట్టపై మూడు గీతలను చూపి, ఆ మూడింటిలో మొదటిదానితో సమానమైనది ఏది యని అడిగెను. బాలుడైనను చెప్పగల ప్రశ్న. కాని ముందుగా మాటలాడినవారందరు ఆయన ఏర్పాటు చేసికొన్నవారే. వారు కావలెననియే తప్పు చెప్పిరి. పిమ్మట అసలు మనిషి వంతు వచ్చెను. ఇట్టివారు సుమారు మూడింట ఒకమారు, కంటికి కనబడుచున్నదానిని విడిచి, గుంపుతో కలసి తప్పు చెప్పిరి. ఎదుట ఒక్కడే తప్పు చెప్పినపుడు వారు చలించినది చాల తక్కువ. ఇద్దరైనపుడు కొంత చలించిరి. ముగ్గురైనచో బాగుగా చిక్కుపడిరి. అయితే ఆ గుంపులో నిజము పలుకు మనిషి యొక్కడు తోడున్నచో, తప్పులు నాలుగవ వంతునకు పడిపోయెను. గీతలు వేరు, చీరలు వేరు, ఒప్పుకొందును. ఐనను లెక్క చూడుడు. దుకాణపు యజమాని యొకడు, గుమాస్తా యొకడు, ఇద్దరైరి. మీ స్నేహితుడును తల యూపెనా, ముగ్గురైరి. అతడే ‘ఈ అంచు నాకు నచ్చలేదు, పోదము లెండు’ అనెనా, మీ కన్ను మరల మీదగును.

కనుక మనకంటె చాల కలిగినవానిని వెంట తీసికొనిపోరాదు. అతని యెదుట ‘తక్కువ ధరలో చూపుము’ అనుటకు నోరు రాదు. దుకాణదారుతో చిరకాల పరిచయమున్నదని చెప్పుకొనువానితోను జాగ్రత్త వలయును. అతని మొగము చూచి వర్తకుడు ధర తగ్గించునని మన యాశ. అతని మొగము చూచి మనమే బేరము మానుకొనుట తరచుగా జరుగుచుండును. కొనువారిని తెచ్చినవారికి కమీషను ముట్టచెప్పు వాడుకయు కొన్నిచోట్ల కలదు. ఆ సొమ్ము ఏ చీర ధరలోనుండి వచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు. వియ్యాలవారితో కలసి పోవుట యన్నింటికంటె కష్టము. అక్కడ ధర యడుగుటయే లోపముగా నుండును.

మరి తగినవారెవరు? ఇంటిలో నెవరో యొక వదినెగారో, పినతల్లియో యుందురు. పది చీరలు విప్పించి, నలిపి చూచి, ‘మరల వత్తుము నాయనా’ యని నవ్వుచు లేచిపోగలరు. ఆమె నోటిని గూర్చి ఊరిలో ఏమనుకొన్నను సరే, బజారులో అట్టివారికి మించిన తోడు లేదు. బయలుదేరుటకు ముందే ఇంత సొమ్మనుకొని, ఆ సంఖ్యను ఆమె చెవిని వేయుడు. సంచి మీయొద్ద నున్నను, హద్దు ఆమెయొద్ద నుండవలయును.

తోడున్నచో పరీక్షించుటకును వీలు కలుగును. ఒకరు గుమాస్తాతో మాటలాడుచుండగా రెండవవారు గుడ్డను నిదానముగా చూడవచ్చును. భూదాన్ పోచంపల్లి నేతలో నూలునకు ముందుగా రంగులు కట్టి, తరువాత నేయుదురు. అందువలన రెండు ప్రక్కలను బొమ్మ దాదాపు ఒక్కటిగానే యుండును. అచ్చు వేసిన నకలునకు సాధారణముగా వెనుక ప్రక్క వెలవెలబోవును. పట్టు విషయమున, దుకాణదారు సమ్మతితో అంచునుండి ఒక పోగు లాగి కాల్చి చూడవలెను. అసలు పట్టు వెండ్రుక కాలిన వాసన వేసి, వ్రేళ్ల మధ్య నలిగి పొడియగును. పాలియెస్టరు కరిగి గట్టి పూసయగును. ఒంటరిగా నున్నవాడు ఈ మాట యడుగుటకే జంకును. పట్టునకు 2004లో సిల్కు మార్కు, చేనేతకు 2006లో హ్యాండ్‌లూమ్ మార్కు వచ్చినవి. ఆ చీటీని వెదకి చూడుడు. మరియొక సంగతి. దీపముల క్రింద చూచిన రంగు ఇంటి వాకిట వేరుగా కనబడవచ్చును. చీరను గుమ్మమువరకు తెచ్చి పగటి వెలుగులో చూచినగాని ఒప్పుకొనకుడు.

ఈ దినములలో సెల్‌ఫోనులో బొమ్మ తీసి యింటికి పంపి యడుగువారు కలరు. బొమ్మలోని రంగు నమ్మదగినది కాదు. గుడ్డ చేతికి తగులదు. కాని ‘ఇంటివారిని అడిగి చెప్పెదము’ అని పరుపుమీదనుండి లేచుటకు అది మంచి సాకు.

ఒంటరిగా పోదగిన పనులును లేకపోలేదు. ధోవతులు, తువాళ్లు, దుప్పట్లు మున్నగువాని కొలతయు, ధరయు ముందే తెలిసినవి. వానికి తోడు అనవసరము. ఇద్దరి బస్సు ఖర్చు, ఇద్దరి ఫలహారము దండుగ.

పెండ్లికూతురును తీసికొనిపోవలెనా యని కొందరు పెద్దలు సందేహింతురు. వెనుక పెద్దలే కొని తెచ్చి ఆమె చేతిలో పెట్టెడివారు. నాకు మాత్రము సందేహము లేదు; చీర కట్టవలసినది ఆమె. అంతేకాదు, ఆమె ‘సరే’ యన్నను ఆ మాటను కొంచెము పరిశీలింపవలయును. చీరను చూచి సరే యనెనా, తండ్రి మొగము చూచి సరే యనెనా? పెండ్లికూతురు తండ్రి ప్రక్కన గాక వదినె ప్రక్కన కూర్చున్నచో ఇది బయటపడును. తండ్రిగారు సంచితో కొంచెము వెనుకగా కూర్చుండుట మంచిది.

ఇక మిగిలినది ఆతిథ్యమిచ్చిన బంధువు సంగతి. అన్నము పెట్టి, ‘నేనును వత్తును పదండి’ అనువానిని వలదనుట ఎట్లు? ఇదియు మొగమాటమే గదా. వలదనవలసిన పని లేదు. మొదటి దినము ప్రొద్దుటనే, ‘ఊరక ధరలు చూచి వత్తును’ అని ఒంటరిగా పోయి, నాలుగు దుకాణములు తిరిగి, ధరలు కాగితముపై వ్రాసికొనుడు. ఆనాడు సొమ్ము వెంట తీసికొనిపోవలదు. రెండవ దినము బంధువును పెట్టుపోతల బట్టలకు పిలువుడు. అవి లెక్కకు ఎక్కువ, ధరకు తక్కువ. మోసికొని వచ్చుటకు మనిషి కావలెను, అతనికిని మర్యాద దక్కును. పెండ్లిచీరకు మూడవనాడు వదినెగారిని రప్పింపుడు.