చిన్న హెలికాప్టరు మొరాయించినపుడు

రేడియో సంకేతములచే నడచు చిన్న విమానములు 1930వ దశకమునందే ఎగిరినవి. అట్టి హెలికాప్టరు అదుపులోనికి వచ్చుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది. 1970 ప్రాంతమున జర్మనీ దేశస్థుడైన డీటర్ ష్లూటర్ దానిని నమ్మకముగా ఎగురవేసి చూపెను. ఇంత ఆలస్యమునకు కారణము లేకపోలేదు. విమానమును నడపువాడు చేయి తీసినను అది కొంతసేపు నిటారుగనే పోవును. హెలికాప్టరు అట్లు కాదు, క్షణమేమరినచో ఒరిగిపోవును.

ఈ యంత్రమును కొనినవారు చెప్పు మాట ఒక్కటే: 'సరిగా ఎగురుట లేదు.' ఇందు కొంత లోపము, కొంత భ్రమ. భ్రమను ముందు తీసివేయుదము. ఉదాహరణమునకు తైవాను దేశపు అలైన్ సంస్థవారి టీ-రెక్స్ 450ను తీసికొందము. పైనుండి చూచినచో దీని పెద్ద రోటరు గడియారపు ముల్లువలె తిరుగును. ఆ తిరుగుటకు ప్రతిగా శరీరము ఎదురు దిక్కున తిరుగబోవును. దానిని ఆపుటకు తోక రోటరు ప్రక్కకు త్రోయుచుండును. ఆ త్రోపువలన యంత్రమంతయు ఎడమకు జరుగజూచును. కనుక ఒకేచోట తేలునప్పుడు అది కుడివైపునకు కొద్దిగా ఒరిగియుండుట సహజము. నేలకు జానెడెత్తున తడబడుటయు సహజమే. రెక్కలు క్రిందికి త్రోసిన గాలి నేలను తాకి చెదరి దానినే కుదిపివేయును. రోటరు వెడల్పునకు మించిన ఎత్తునకు లేచినచో చాలవరకు కుదురుకొనును. కొత్తవారు భయపడి నేలను విడువరు, నింద మాత్రము యంత్రముపై వేయుదురు.

ఇక నిజమైన లోపములు. తోక ఇటునటు ఊగుట అందు మొదటిది. తోకను నిలుపుటకు గైరో అను సాధనము కలదు. తోక ఏమాత్రము తిరిగినను అది పసిగట్టి సర్వోను కదల్చును. ఊపు వడివడిగా నున్నచో గైరో చురుకుదనము మితిమీరినదని సాధారణముగా గ్రహింపవచ్చును. కొద్దిగా తగ్గించిన సరిపోవును. తోక నెమ్మదిగా తేలిపోవుచున్నచో బెల్టు వదులుగా నున్నదేమో, కదలిక నందించు కడ్డీ ఎక్కడైన రాచుకొనుచున్నదేమో చూడవలెను. యంత్రము లేచీ లేవగనే బొంగరమువలె తిరిగినచో గైరో దిక్కు తలక్రిందులై యుండవచ్చును. దీనిని ఎగురవేయకయే కనుగొనవచ్చును. మోటారు తీగలు విడదీసి, ముక్కును చేతితో ఎడమకు త్రిప్పినచో, కుడికి తిరుగుమని మీట నొక్కినపుడు తోక సర్వో ఎటు కదలునో, అటే కదలవలెను.

ప్రతి చిక్కునకును గైరోను నిందించుట అభిరుచిపరులలో నొక అలవాటైనది. ఇది మాకు సరిగా తోచదు. శరీరము కంపించినచో ఆ కంపము గైరోను మోసపుచ్చును. తోక తిరుగుచుండును, వ్యాధి మాత్రము తలలో నుండును. కీలెరిగి వాత పెట్టవలెనను సామెత ఇచట అక్షరాల వర్తించును. ఒక్కసారి నేలకు తగిలిన యంత్రమున రెండు రెక్కలను కలుపు సన్నని ఇరుసు కంటికి తెలియనంతగా వంగియుండవచ్చును. దానిని ఊడదీసి గాజుపలకపై దొర్లింపవలెను. క్రింద వెలుగు తొంగిచూచి దాగుచున్నచో మార్చక తప్పదు. కంపము ఎచటిదో తెలియనిచో పెద్ద రెక్కలను, తోక రెక్కలను తీసివేసి, దూరముగా నిలిచి మోటారును త్రిప్పిచూడవలెను. అప్పటికిని కంపించినచో దోషము మోటారునందో, పళ్లచక్రములందో, నిలువు ఇరుసునందో యున్నదన్నమాట. కంపము మానినచో రెక్కలను, వాటి ఇరుసును పరీక్షింపవలెను. ఒక మారునకు ఒకటే మార్పు చేయవలెను. రెండు మార్చినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు.

రెండు పెద్ద రెక్కలును ఒకే మట్టమున తిరుగుచున్నవా అనునది మరియొక పరీక్ష. కొసలకు రెండు రంగుల పట్టీలు అంటించి ఎగురవేసినచో ఏది పైన నున్నదో కనిపించును. పై రెక్క వాలును తగ్గించినచో రెండును కలియును. కాని రెక్క మట్టమున కన్నుంచి చూడవలసిన పరీక్ష యిది, దగ్గర నుండరాదు. 325 మిల్లీమీటర్ల రెక్కలు నిమిషమునకు 2,800 చుట్లు తిరుగునప్పుడు వాటి కొసవేగము గంటకు సుమారు 370 కిలోమీటర్లు. ఇంతకంటె పెద్ద యంత్రమొకటి 2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరపు ఉద్యానవనములో దానిని నడపుచున్న పందొమ్మిదేండ్ల యువకుని తలకు తగిలి ప్రాణము తీసినది. అతడు ఆటకు కొత్తవాడు కాడు. అందుచే చూచువారు చాలినంత దూరమున, చిన్నపిల్లలు అంతకంటె చాల వెనుక నుండవలెను.

కడపట బ్యాటరీ. ఎగిరిన కొన్ని నిమిషములకు తోక పట్టుతప్పి, ఎత్తు నిలువక దిగుచున్నచో ముందు దానిని కొలువవలెను. లిథియం పాలిమర్ బ్యాటరీ గది నిండినపుడు 4.2 వోల్టులు చూపును. 3.5 వోల్టుల ప్రాంతమునకు వచ్చినపుడు దించివేయుట మంచిది. రోటరు పూర్తిగా నిలిచినదాక దగ్గరకు పోరాదు. బ్యాటరీ తీగ ఊడదీసిన పిమ్మటనే యంత్రమును బల్లపైకి చేర్చవలెను.