పాత సెయిల్‌బోటు రిపేరు: కిటికీలు, జారే డెక్, నాన్న చెప్పిన ఒక్క మాట

ఈ ఎపిసోడ్ ఒక కాలు జారడంతో మొదలవుతుంది. జారింది మా నాన్న కాలు.

నాన్న కాకినాడ నుంచి మా దగ్గరికి, అంటే అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బేకి వచ్చారు. పొద్దున్నే మంచుకి బోటు డెక్ తడిగా ఉంది. ముందు వైపుకి నడుస్తూ సర్రున జారారు. అంచున ఉన్న లైఫ్‌లైన్ వైరు చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. "ఏరా, డబ్బులు పోసి కొన్నది ఇదా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన బోటు 1979లో తయారైంది. 27 అడుగుల ఫైబర్‌గ్లాస్. కాలు జారకుండా డెక్ మీద అచ్చుపోసిన గళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. కిటికీలేమో వానొస్తే కారతాయి. సరే, ముందు కిటికీల పని పట్టుకున్నా.

అవి గాజు కాదు, అక్రిలిక్. ఎండకి సన్నగా బీటలు వచ్చేశాయి. కొత్తవి కోయించి, స్క్రూలు గట్టిగా బిగించేశా. కొన్నాళ్ళకే స్క్రూ దగ్గర పగులు! ఎందుకంటే, మీటరు పొడవున్న అక్రిలిక్ 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఫైబర్‌గ్లాస్ అంత సాగదు. మనం కదలనివ్వకపోతే అది పగులుతుంది. అందుకే రెండోసారి స్క్రూలే లేవు. పాత సీలెంట్ మొత్తం గీకేసి, మందంగా ఉండే రెండు వైపుల టేపుతో అంటించి, చుట్టూ స్ట్రక్చరల్ సిలికాన్ నింపా. అది రబ్బరులా సాగుతుంది. ఒక జాగ్రత్త: అక్రిలిక్‌ని ఎసిటోన్‌తో తుడవకండి, పాడైపోతుంది.

అయిపోయింది అనుకున్నా. మళ్ళీ వాన, మళ్ళీ అదే కిటికీ కింద పరుపు తడి! నేను తుడుచుకుంటుంటే నాన్న అన్నారు, "డాబా కురిసేటప్పుడు చుక్క పడ్డ చోటే కన్నం ఉండదురా. పైకెక్కి చూడు."

బగ్ కనిపించిన లైనులోనే బగ్ ఉండదని ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. ఇక్కడ మాత్రం మర్చిపోయా.

నాన్న లోపల టార్చి పట్టుకున్నారు, నేను బయట నీళ్ళ పైపు. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ వచ్చా. కిటికీ దగ్గర చుక్క లేదు. డెక్ అంచున స్టాంచన్, అంటే లైఫ్‌లైన్‌ని పట్టి ఉంచే స్టీలు రాడ్డు, దాని అడుగున పోయగానే "ఆఁ, వస్తోంది!" అన్నారు.

చుట్టూ సుత్తితో తట్టి చూశా. బాగున్న చోట టక్ టక్. ఇక్కడ మెత్తగా డబ్ డబ్. డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రంలోంచి నీళ్ళు దిగి అది కుళ్ళిపోయింది. అంటే, నాన్నని ఆపిన ఆ వైరు నిలబడింది కుళ్ళిన చెక్క మీద!

పై పొర కోసి, తడి చెక్క తీసేసి, ఆరాక కొత్త బాల్సా ఎపాక్సీతో పెట్టి మూసేశా. బోల్టులు వచ్చే చోట గట్టి ఎపాక్సీ నింపి, దాంట్లోనే రంధ్రం వేశా. ఇక నీళ్ళు చెక్కని తాకవు.

అప్పుడు మాత్రమే నాన్-స్కిడ్. ముందే వేసుంటే కుళ్ళు మీద అందమైన రంగు వేసినట్టే. మైనం, జిడ్డు పోయేలా కడిగి, మాస్కు పెట్టుకుని శాండింగ్ చేసి, ఫిట్టింగుల చుట్టూ, నీళ్ళు పారే దారుల్లో టేపు వేశా. చిక్కటి టెక్స్‌చర్ పెయింటుని గరుకు రోలర్‌తో పరిచా. నడిచే చోట గరుకు ఎక్కువ, కూర్చునే చోట తక్కువ. టేపు మాత్రం పెయింటు తడిగా ఉన్నప్పుడే లాగేయాలి. ఆరిందంటే అంచులు ఊడొస్తాయి.

మొన్న పొద్దున మళ్ళీ మంచు. నాన్న చెప్పుల్లేకుండా ముందు వరకూ నడిచి, స్టాంచన్‌ని ఊపి చూసి, "ఇప్పుడు కాఫీ తీసుకురా" అన్నారు. అంతే ఫ్రెండ్స్, నాకదే సర్టిఫికెట్.

మీ ఇంట్లో ఎక్కడైనా కారుతోందా? రంగు వేసే ముందు ఒకసారి పైకెక్కి చూడండి. ఏం దొరికిందో కామెంట్లో చెప్పండి. ఉంటా!