కాలము నెఱుగు కన్ను



కన్ను చూపునకే యని లోకుల నమ్మకము. దేహమునకు వేళ తెలుపునదియు నదియే.

1998లో ప్రొవెన్సియో బృందము కప్ప చర్మమున మెలనాప్సిన్ అను కాంతిగ్రాహక పదార్థమును కనుగొనెను. 2002లో డేవిడ్ బెర్సన్ బృందము, రెటీనాలోని కొన్ని నాడీకణములు స్వయముగా వెలుగును గ్రహించునని నిరూపించెను. భువనేశ్వరపు వ్యవసాయ విశ్వవిద్యాలయమున చదివిన సచ్చిదానంద పండా, ఆయన సహచరులు ఆ యేడే, మెలనాప్సిన్ లేని చిట్టెలుకలలో దేహగడియారము వెలుగును బట్టి సరిదిద్దుకొను శక్తి తగ్గునని చూపిరి.

చూపు కోల్పోయిన కొందఱియందును ఆ కణములు మిగిలి పగటిని గుర్తించును. కావున అట్టి కన్ను నిరుపయోగమని తలపరాదు.

అనకాపల్లి చెఱకు రైతునకు ఉదయకాంతి పొలముననే లభించును. రాత్రి పడకపై ఫోను వెలుగు దేహమునకు పగలను భ్రమ గొల్పును. పాఠకులారా, చదువునకు పగటి వెలుగును, నిద్రకు చీకటిని కేటాయింపుడు.