ఓటుకు ముందు, ఓటు తరవాత



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు, ఎన్నికల డ్యూటీ పడగానే మెడికల్ సర్టిఫికెట్ కోసం పరిగెత్తని అరుదైన ఉపాధ్యాయుల్లో ఒకరు. తెల్లవారుజామున ఏజెంట్లను కూర్చోబెట్టుకుని మాక్ పోల్‌లో కనీసం యాభై ఓట్లు వేయించి, లెక్క సరిపోయిందని చూపించి, వాటిని చెరిపి, వీవీప్యాట్‌లో పడిన చీటీలు ఏరి, సీళ్లు వేసి అసలు పోలింగు మొదలుపెట్టడం. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసిన 17సీ ఫారం ఏజెంట్ల చేతిలో పెట్టడం. ఈ తతంగమంతా ఆయనకు పూజావిధానమంత శ్రద్ధగల పని. అందుకే ఈరోజు గెలుపోటముల జోలికి పోను. ఓటరు చేసే పని గురించి, అందులోనూ అమెరికా ఓటరు చేసే పని గురించి మాట్లాడతాను. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో బిడ్డల్ని అక్కడికి పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. అక్కడ ఎవరు గెలుస్తారన్న చర్చ మన టీ అంగళ్లలోనూ నడుస్తుంది. అక్కడ ఓటు ఎలా వేస్తారన్నది మాత్రం ఎవరూ అడగరు.

మన దగ్గర ఓటర్ల జాబితా పట్టుకుని బీఎల్వో గడప దగ్గరికి వస్తారు. అమెరికాలో పేరు నమోదు చేయించుకునే భారం చాలావరకు పౌరుడిదే. ఒక్క ఉత్తర డకోటాలోనే ఆ నమోదు అక్కర్లేదు. ఈ నమోదునే జల్లెడగా వాడి దక్షిణాది రాష్ట్రాలు నల్లవారిని దశాబ్దాల పాటు బయట నిలబెట్టాయి. అక్షరాస్యత పరీక్షలు పెట్టారు, ఓటు పన్ను వేశారు. 1965 మార్చిలో అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచినవాళ్లను పోలీసులు చితకబాదారు. ఆ ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అప్పటికే మన ఊళ్లలో చదువు రానివాళ్లు కూడా గుర్తు చూసి మూడు సార్వత్రిక ఎన్నికల్లో ఓటేసి ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మనం మీసం మెలేయవచ్చు.

అయితే రెండో వైపు చూడాలి. కుప్పంలో 1989 నుంచి ఎనిమిది ఎన్నికల్లో చంద్రబాబునాయుడు గారే గెలిచారు. ఇలా ఒకే పక్షానికి ఖాయమైన స్థానాలు అమెరికాలోనూ బోలెడు. అక్కడ అసలు పోటీ ప్రైమరీలో జరుగుతుంది. పార్టీ అభ్యర్థి ఎవరన్నది ఓటర్లే తేలుస్తారు. 2018 జూన్‌లో న్యూయార్క్‌లో పదిసార్లు గెలిచిన జోసెఫ్ క్రౌలీని, అంతకు కొద్దికాలం ముందు దాకా బార్‌లో పనిచేసిన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించింది ప్రైమరీలోనే. ప్రైమరీకి వచ్చే జనం తక్కువ, కొద్దిమందే తేల్చేస్తారన్న విమర్శ నిజమే. అయినా ఆ తలుపు తెరిచి ఉంది. మన దగ్గర బీ ఫారం ఎవరికి దక్కుతుందో తేలేదాకా కార్యకర్తలు కూడా టీవీ ముందు కూర్చోవలసిందే.

ఆ తలుపు తెరిచి ఉండడం వల్లే అక్కడ ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టేవాళ్లు, ఫోన్లు చేసేవాళ్లు, చిన్న చిన్న చందాలిచ్చేవాళ్లు కనిపిస్తారు. హెచ్1బీ వీసా మీదున్న మన అబ్బాయికి ఓటు లేదు, చందా ఇవ్వకూడదు. కాని జీతం తీసుకోకుండా ప్రచారంలో పనిచేయవచ్చు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసే తల్లిదండ్రుల కంటే, అక్కడ పుట్టిన పిల్లకే ముందు ఓటు వచ్చే ఇళ్లున్నాయి. పోలింగు కేంద్రంలో పనిచేసేది కూడా ఎక్కువగా ఇరుగుపొరుగువాళ్లే. చాలా రాష్ట్రాల్లో పదహారేళ్ల హైస్కూలు పిల్లల్ని కూడా ఆ పనిలో కూర్చోబెడతారు. మా మాస్టారు వింటే ఎంత సంతోషించేవారో!

ఓటు లేనివాళ్లు రాజకీయం చేయడం మదనపల్లెకు కొత్త కాదు. 1915లో మార్గరెట్ కజిన్స్ భర్త జేమ్స్‌తో కలిసి ఇండియాకు వచ్చి, ఈ ఊళ్లోనే కాపురం పెట్టారు. ఐర్లండ్‌లో స్త్రీల ఓటు కోసం పోరాడి జైలుకు పోయివచ్చిన మనిషి. జనగణమనకు ఆమె స్వరలిపి రాసిన సంగతి 1919 నాటి ఠాగూర్ రాకతో కలిపి అందరికీ గుర్తుంది. అంతకంటే పెద్ద పని మరుగున పడింది. ఇక్కడి ఆడవాళ్లు అప్పటికే అబలా అభివర్ధినీ సమాజంగా కూడారు. 1917లో అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడవగా స్త్రీల బృందం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగింది. ఆ రాయబారం వెనక మార్గరెట్ కృషి ఉంది. ఓటు ఎవరికివ్వాలో పరిశీలించిన సౌత్‌బరో కమిటీ కుదరదంది. 1919 భారత ప్రభుత్వ చట్టం నిర్ణయాన్ని రాష్ట్ర శాసనమండళ్లకు వదిలేసింది. 1921లో మద్రాసు శాసనమండలి, దేశంలోని రాష్ట్రాలన్నిటికంటే ముందు, స్త్రీలకు ఓటిచ్చింది. అమెరికా రాజ్యాంగంలో పంతొమ్మిదో సవరణ చేరింది 1920లో. అంటే తేడా ఏడాది లోపే. ఆస్తి షరతు వల్ల ఆ ఓటు దక్కింది కొద్దిమందికే అనుకోండి.

ఓటు ఉన్నా పోటీ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే, ఇక పుంగనూరు. 2021 పురపాలక ఎన్నికల్లో అక్కడ 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. పార్టీ ఏదైనా నేనిదే మాట అంటాను: పోటీ లేనిచోట నోటా మీట నొక్కే వీలు కూడా ఓటరుకు ఉండదు. అమెరికాలోనూ రాష్ట్ర శాసనసభల్లో ఎన్నో స్థానాలకు ప్రత్యర్థే ఉండడు. ఆ విషయంలో వాళ్లు మనకు పాఠం చెప్పలేరు.

ఈ సభలో కాలేజీ పిల్లలున్నారు. పదిహేడు నిండినవాళ్లు ఫారం 6 ముందుగానే ఇవ్వవచ్చు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. ముసాయిదా జాబితా అంటించిన రోజున వెళ్లి మీ పేరే కాదు, మీ వీధిలోని ముసలివాళ్ల పేర్లూ చూడండి. తర్వాత గ్రామసభకు వెళ్లి, నిరుడు వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో నిలబడి అడగండి.