మన యింటి పాట

ఉదయము రేడియో తిప్పగనే భక్తిగీతములు వినవచ్చును. పొయ్యిమీద పాలు కాగుచుండగా ఆ పాట ఇల్లంతయు నిండును. సాయంకాలము కచేరి, రాత్రి సినిమా పాటలు. నేడు చేతిలో ఇమిడిపోవు ఫోనులో సైతము ఏ వేళ కోరిన ఆ వేళ పాట సిద్ధముగ నున్నది. మన తాతలు ఒక విద్వాంసుని గానము వినుటకు బండి కట్టుకొని పొరుగూరికి పోయి, తెల్లవారుదాక చాపలమీద కూర్చుండెడివారు. ఆ భాగ్యము మన గడపలోనికే నడచి వచ్చినది. ఇందుకు సంతోషింపవలసినదే.

అయితే ఇంత పాట వినుచున్న మన యింటిలో పాడువారెవరు? నిన్నటి దినమున ఇంటివారిలో ఎవరి గొంతునుండియైన ఒక చరణము వెలువడినదా? ఈ ప్రశ్నను మాకు మేము వేసికొన్నప్పుడు వచ్చిన జవాబు మాకు సంతోషము కలిగింపలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

పూర్వము తెలుగింటిలో పాట పనితో కలిసి యుండెడిది. రోటివద్ద దంపుడు పాట, తిరుగలివద్ద విసురుడు పాట, ఉయ్యెలవద్ద జోల, పెండ్లిలో తలంబ్రాల పాట, పిల్లను అత్తవారింటికి పంపునప్పుడు అప్పగింతల పాట, పూజ ముగియగనే మంగళహారతి. మధ్యాహ్న భోజనములైన పిదప వసారాలో చేరిన స్త్రీలు రామాయణపు పాటలు పాడుకొనెడివారు. మగవారికి ధనుర్మాసపు వేకువలో నగరసంకీర్తనము, రామమందిరములో భజన, పొలము గట్టున నాటక పద్యము. వీరిలో పలువురకు సరళీస్వరములు తెలియవు. రాగము పేరడిగిన చెప్పలేరు. అయినను పాట ఏనాడును ఆగలేదు.

పిండిమర వచ్చిన పిదప తిరుగలి మూల చేరినది, దానితోపాటు దాని పాటయు మూల చేరినది. శ్రమ తగ్గినందుకు మేము విచారింపము. రోకలి పట్టి కాయలు కాచిన చేతులను చూచినవారెవరును ఆ కాలము మరల రావలెనని కోరరు. కాని బరువు దించుకొను తొందరలో బరువుతో కూడిన పాటను గూడ దించి పెట్టితిమి.

మా యింటి సంగతి యొకటి చెప్పెదము. మా నాయనమ్మగారికి 'ఊర్మిళాదేవి నిద్ర' అను పాట సంపూర్ణముగ వచ్చెడిది. రాముని వెంట లక్ష్మణుడు అడవికేగగా ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రపోవుట, తిరిగి వచ్చి మేలుకొలిపిన భర్తను గుర్తింపక, పరపురుషుడను భయముతో మందలించుట అందలి కథ. వాల్మీకి చెప్పని ఈ ఘట్టమును తెలుగు స్త్రీలు తరతరములుగ పాడుకొన్నారు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీయుచు దానిని పాడెడిది. పిల్లలము ఆమె చుట్టును ఆడుకొనుచు వినెడివారము. విన్నామే గాని నేర్చుకొనలేదు. ఇంటికి గడప ఉన్నట్లు, దూలమున్నట్లు ఆ పాటయు ఉండునని అనుకొంటిమి.

ఆమె గతించిన మరుసటి యేడు మా యింట సీమంతము జరిగినది. పేరంటాండ్రలో ఒకరు ఆ పాట పాడుడనిరి. అన్నదమ్ములము, అక్కచెల్లెండ్రము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. అందరకును కలిపి వచ్చినవి రెండు చరణములు. తరువాత పాటలోని మాటలు అచ్చు పుస్తకములో దొరికినవి. కాని ఆమె ఏ మాటవద్ద ఆగెడిదో, ఏ మాటను రెండు మారులనెడిదో, ఊర్మిళ మేలుకొను చోట స్వరము నెట్లు తగ్గించెడిదో ఆ పుస్తకములో లేదు.

ఇందుకు రేడియోను నిందించుట సులభము. అది న్యాయము కాదు. రేడియో పాడవద్దని మనకు చెప్పలేదు. కేంద్రములు సంగీత శిక్షణ కార్యక్రమములను గూడ ప్రసారము చేసినవి. మనలను ఆపినది మన సిగ్గు. మహావిద్వాంసుల గానమును నిత్యము వినుటచే మన చెవి పెరిగినది, మన గొంతు మనకే నచ్చకుండ పోయినది. "నా గొంతు బాగుండదు, నాకేమి పాట వచ్చును?" అని తప్పించుకొనుచున్నాము. పిల్లవాడు నోరు విప్పగనే పోటీకి పంపుదమా అని ఆలోచింతుము. బహుమానము వచ్చు గొంతు కాదని తోచిన, లెక్కలు చేసికొమ్మని కూర్చుండబెట్టుదుము.

ముగ్గు విషయములో మనకీ సిగ్గు లేదు. తెల్లవారకముందే కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, వానిని కలుపుచు ఇల్లాలు ముగ్గు వేయును. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల నుంచి గుమ్మడిపూలు పెట్టును. ఒక గీత వంకర పోవచ్చును. మధ్యాహ్నమునకు త్రొక్కుడుపడి చెరిగిపోవును. మరునాడు మరల వేయును. చిత్రలేఖనము ఎచ్చట అభ్యసించితివని ఆమెను ఎవరును అడుగరు. ముగ్గులేని వాకిలి బోసిగ నుండునని మాత్రమే అందరును ఎరుగుదురు. అల్లిక, కుట్టుపని, బొమ్మలకొలువు అమర్చుట ఇట్టివే. పాటను గూడ ఈ వరుసలో చేర్చుకొనవలెనని మా మనవి.

ఇట్లు చెప్పుటచే శాస్త్రీయ సంగీతమునకు లోపము కలుగునని కొందరు శంకింతురు. త్యాగరాజస్వామి (1767-1847) ఆ శంకను ముందే తీర్చెను. ఘనరాగ పంచరత్నములను రచించిన ఆ మహనీయుడే ఉత్సవసంప్రదాయ కీర్తనలను, దివ్యనామ కీర్తనలను గూడ రచించెను. మేలుకొలుపు, ఆరగింపు, ఉయ్యెల, పవళింపు మొదలైనవి ఆ ఉత్సవ కీర్తనల సందర్భములు. అన్నియు ఇంటి దినచర్యలోనివే. దివ్యనామ కీర్తనలలో పెక్కింట ఒకే వరుసమీద అనేక చరణములు సాగును. ఒకరు చెప్పగా పదిమంది అందుకొనవచ్చును. తిరువయ్యారు వీధులలో ఉంఛవృత్తికై పాడుచు నడచిన ఆ వాగ్గేయకారుడు పండితునకు పెట్టినట్లే పాట అంతగా రానివానికిని పెట్టెను.

హార్మోనియము కథయు ఇచ్చట చెప్పదగినదే. గమకములు సరిగ పలుకవను కారణముచే 1940 నుండి 1971 వరకు మన దేశపు రేడియోలో దానికి ప్రవేశము లేకుండెను. ఆ ముప్పది యేండ్లును అది భజనమందిరములలో, నాటక సమాజములలో మ్రోగుచునే యుండెను. ప్రసారమునకు ఒక ప్రమాణము, వసారాకు ఒక ప్రమాణము. రెండును అవసరమైనవే. రెండవదానిని మొదటిదానితో కొలిచినప్పుడే చిక్కు వచ్చినది.

పైగా గొప్ప సంగీతమునకు మొలక ఇంటిలోనే లేచిన సందర్భములున్నవి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) బాల్యమున కంటిచూపు మందగించి చదువు సాగనివారు. ఆయనకు ఫిడేలు నేర్పినది ఇంటిలోని అన్నగారు వెంకటకృష్ణయ్యగారు. 1919లో విజయనగరపు సంగీత కళాశాలలో విద్యార్థిగ చేరుటకు పోయిన ఆయనను అచ్చట అధ్యాపకునిగ నియమించిరి. ప్రతి యింటను ద్వారము వారు పుట్టరు. కాని పుట్టినప్పుడు ఆ యింట అప్పటికే ఎవరో ఒకరు వాద్యము పట్టుకొని యుండవలెను గదా.

కొంచెము పాడినవాడు వినుట యందును ముందుండును. మోహన రాగమునందు స్వరములైదే. ఆ ఐదింటిని రెండుమారులు మన గొంతుతో ఎక్కి దిగినచో, మరునాడు కచేరిలో మోహన ఆలపించునప్పుడు విద్వాంసుడు ఎచ్చట నిలిచెనో, ఎచ్చటికి దూకెనో మనకు తెలియును. అభ్యాసమును మాయామాళవగౌళలో ఆరంభించుటయందును ఇట్టి సౌకర్యమే కలదు. ఆ రాగమున స-రి-గ-మల నడుమనున్న దూరములే ప-ధ-ని-సల నడుమను ఉన్నవి. మొదటి సగము గొంతున పట్టువడినచో రెండవ సగమునకు దారి తెలియును. పురందరదాసుడు ఏర్పరచెనని పెద్దలు చెప్పు ఈ పద్ధతి నేటికిని మారలేదు.

ఇక ఆచరణము. దినమునకు పావుగంట చాలును. దీపము పెట్టిన వేళయో, రాత్రి భోజనమైన వేళయో ఒకటి నిర్ణయించుకొనవలెను. మీ గొంతునకు అందిన శ్రుతిలోనే పాడుడు. రేడియోలో పాడినవారి శ్రుతిని అందుకొనబోయి అరువవద్దు. తారస్థాయికి పోని చిన్న కీర్తననో, హారతినో ఎన్నుకొనుడు. ఇంటిలో పెద్దలున్నచో వారికి వచ్చిన పాటలను నోటు పుస్తకములో వ్రాసికొనుడు, వారి గొంతును ఫోనులో పట్టి యుంచుడు. పట్టి యుంచుటతో ఊరకొనక, వారి ఎదుటనే ఒకసారి పాడి, తప్పు దిద్దించుకొనుడు. పాడు పిల్లలను మధ్యలో ఆపవద్దు. వచ్చిన బంధువుల ఎదుట బలవంతముగ పాడింపవద్దు. పాడనివారు తాళము వేయవచ్చును. అదియు రానివారు దగ్గర కూర్చుండవచ్చును.

మేమును ఆలస్యముగనైనను ఆరంభించితిమి. మా మేనత్తగారు వేరొక ఊరిలో ఉందురు. ఆమెకు ఆ పాటలో నాలుగు చరణములు మా నాయనమ్మగారి వరుసలోనే వచ్చునని తెలిసి పోయి నేర్చుకొంటిమి. "ఇన్నాళ్ళకు అడిగినారా!" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఆ నాలుగు, మా రెండు కలిపి ఇప్పుడు ఆరు చరణములైనవి. మిగిలినవానిని పుస్తకమునుండి తీసి ఆ వరుసలోనే పాడుచున్నాము. ఊర్మిళ మేలుకొను చోటు మాత్రము మాకు ఇంకను కుదరలేదు. ప్రతిదినమును ఆ చోటికి వచ్చి కొంచెము తడబడుచున్నాము.

ఈ రాత్రి కార్యక్రమములు ముగిసి రేడియో కట్టివేసిన పిదప మీ యింటను ఒక నిముషము నిశ్శబ్దముగ నుండును. ఆ నిశ్శబ్దములో మీకు వచ్చిన పాట, వచ్చినంతవరకు పాడుడు. ప్రక్కగదిలో నిద్రపోవు పిల్లలు విన్నను వినవచ్చును.