కళ్లం దగ్గర కనిపించే ఊరు

భారతదేశపు పల్లెను చిన్న గణరాజ్యంతో పోల్చిన ప్రసిద్ధమైన మాటకు మూలం పడమటి కర్నూలులోని హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు భాగమైన దత్తమండలాల రెవెన్యూ కాగితాల్లోనే ఉంది. దత్తమండలాలంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన సీమ. 1807 దాకా దానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, 1806 నాటి నివేదికలో, పన్నిద్దరు ఆయగాండ్లతో కూడిన ప్రతి ఊరూ ఒక చిన్న గణరాజ్యం వంటిదనీ, రాజ్యాలు మారినా ఊరు తన పని తాను చేసుకుపోతుందనీ రాశాడు. ఆయగాండ్లంటే కరణం, తలారి, నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన ఊరి వృత్తులవారు. వారు ఏడాది పొడవునా చేసే పనికి రైతు తన పంటలో ఇచ్చే వాటాను ఆయమనీ మేర అనీ అంటారు.

ఆ భావం 1812 నాటి ఐదవ నివేదిక ద్వారా బ్రిటిష్ పార్లమెంటుకు చేరింది. 1830లో కంపెనీ అధికారి చార్లెస్ మెట్కాఫ్ దానికి మరింత వన్నె పెట్టాడు. 1853లో కార్ల్ మార్క్స్ ఐదవ నివేదికలోని ఆ వర్ణననే తన వ్యాసంలో వాడుకుని, అలాంటి ఊళ్లు నిరంకుశత్వానికి పునాది అయ్యాయని ఎదురు తీర్పు చెప్పాడు. అయినా, పన్ను వసూలుకు ఊరు ఎలా ఏర్పడి ఉందో చెప్పడానికి ఒక అధికారి రాసుకున్న మాట, చూస్తుండగానే స్వయంసమృద్ధ స్వర్గానికి సాక్ష్యంగా మారిపోయింది.

దూరం నుంచి చూసేవారి కంటికి ఇలాంటి మెరుగు కమ్మడం ఒక్క తెలుగు పల్లె విషయంలోనే జరగలేదు. అమెరికాలో గుర్రపుబండ్లతో, ఇంటికి కరెంటు తీగ లేకుండా బతికే ఆమిష్ క్రైస్తవులను చూడడానికి పెన్సిల్వేనియాకు యాత్రికులు బారులు తీరుతారు. ఒకరి గాదె కాలిపోతే పదిమందీ కూడి నిలబెట్టే వారి కలుపుగోలుతనం నిజమే, మెచ్చదగినదే. అయితే 1693లో యాకోబ్ అమ్మన్ అనుచరులు తోటి విశ్వాసుల నుంచి విడిపోయి వేరు శాఖ కావడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, తప్పిపోయినవారిని ఎంత కఠినంగా వెలివేయాలన్న తగాదా. బండి యాత్రికునికి కనబడుతుంది, వెలి కనబడదు. బాప్తిస్మం పుచ్చుకున్నాక సంఘాన్ని విడిచినవారితో కన్నవారు సైతం ఒకే బల్ల మీద భోజనం చేయరాదన్న నియమం అనేక సంఘాల్లో ఇప్పటికీ ఉంది.

తెలుగు ఊరిలోనూ అలా కనబడనిదాన్ని తెలుసుకోవాలంటే కళ్లం దగ్గర నిలబడి చూడాలి. జొన్న తూర్పారబట్టి రాశి పోశాక, ఎవరి మేర ఎంత, ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నదంతా ఊరి అంతరువులను బట్టే నడిచేది. రాశి ఎత్తిన తరువాత అడుగున మట్టితో కలిసి మిగిలిన గింజలు మాల మాదిగల పాలిటివి. కపిల తోలే బావికి తోలుబాన కుట్టి ఇచ్చేది మాదిగ. ఆ బాన పైకి తెచ్చిన నీళ్లు పొలానికి పారేవి గాని, ఊరి మంచినీళ్ల బావి గట్టెక్కే హక్కు కుట్టిన చేతులకు లేదు. కరువులోనూ మేర ఎంతో కొంత దొరుకుతుందన్న భరోసా ఆ ఏర్పాటులో ఉండేదని ఒప్పుకోవలసిందే, కాని ఆ భరోసాకు చెల్లించిన వెల అదీ. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లె గణరాజ్యాల మీది మోజును అంత తీవ్రంగా ఖండించడం వెనుక ఉన్నది ఈ బావి గట్టు అనుభవమే.

రాజ్యాలు మారినా ఊరికి ఏమీ కాదన్న మాట కూడా నిలిచేది కాదు. పన్ను భారం ఎక్కువగా ఉందని గ్రహించి నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేసినవాడు స్వయంగా మన్రోయే. కంపెనీ అప్పట్లో వినలేదు. 1876–78 కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాల ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయినప్పుడు ఏ ఆయమూ ఎవరినీ ఆదుకోలేకపోయింది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వంశపారంపర్య పెత్తనాన్ని రద్దు చేయడంతో ఆ పాత కట్టడిలో చివరి స్తంభాలూ కూలాయి. నీళ్లు లేని నేల మాత్రం అలాగే ఉంది. ఖరీఫ్ పంట ఇంటికి చేరిందో లేదో, పడమటి కర్నూలు పల్లెల నుంచి కుటుంబాలు మూటా ముల్లే కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతకూ పత్తితీతకూ తరలిపోతాయి. ఆ పల్లెలవారు ఈ వలసను సుగ్గి అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంట నూర్పుల పండుగ. ఆ పండుగ పేరు పెట్టుకున్న వలసకు పోలేని ముసలివాళ్లు తాళం వేసిన తలుపుల పక్క అరుగుల మీద. వారి దగ్గర వదిలివెళ్లిన మనుమలు సగం ఖాళీ అయిన బడి గదుల్లో.